వాలు దిగిన మట్టి

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ బావా నేనూ కులాసా. అక్కడ నువ్వూ, మరదలూ, అమ్మా చల్లగా ఉండాలని రోజూ దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను. ఈమధ్య నీ పేరు దగ్గరికి వచ్చేసరికి ఒకసారి ఆగి చెప్పాల్సివస్తోంది. అయినా మానలేదు. దేవుడి దగ్గర వంతులు పెట్టుకోకూడదు కదా.

నీ ఉత్తరం అందింది. ముందు అడిగినవాటికి జవాబులు. మొన్నటి వానకు నీ గట్టు కింద రాతిగోడ సగానికి సగం కూలింది. గట్టు మీది నీ ద్రాక్షతోట పైవరసల్లో వేర్లు బయటపడ్డాయి. అక్కడి మట్టంతా సున్నపురాళ్ళతో సహా జారివచ్చి, కింద నా చేలో మొలకల మీద కూర్చుంది. మొలకల సంగతి నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను. నా మోకాలి నొప్పి గురించి అడిగావు, ఆఖరున, సంతకం పక్కన ఖాళీ మిగిలితే. అది అలాగే ఉంది.

"జారిన నా మట్టిని వెంటనే తట్టలతో పైకి మోయించు, వైన్ కంపెనీవాళ్ళు తోట చూడడానికి వస్తున్నారు" అని రాశావు. నా మట్టి అన్నావు. ఆ మాట దగ్గర కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాను.

నాన్న పోయాక జరిగిన పంపకం గుర్తుందా? "నల్లరేగడి అక్కకివ్వండి, రాళ్ళగట్టు నాకు చాలు. ఆడపిల్ల చేత రాళ్ళు ఏరిస్తామా?" అన్నావు. పెద్దమనుషులు నీ వీపు తట్టారు. అమ్మ కళ్ళు ఒత్తుకుంది. చిన్నవాడివని కూడా చూడకుండా నేను నీకు దండం పెట్టాను. ఆ రోజు నుంచి నేను ఏ చిన్న మాట అనబోయినా అమ్మ నా నోరు మూయిస్తోంది. "వాడు బంగారంలాంటి నేల నీకొదిలి రాళ్ళు తీసుకున్నాడే! నీకు నోరెలా వస్తోంది?" అంటుంది. నిజమే కదా అని నేనూ తల దించుకునేదాన్ని.

కిందటి నెల వైన్ కంపెనీ మట్టి ఆఫీసరు వచ్చాడు. చిన్న సుత్తి చేత్తో పట్టుకుని నీ తోటలోనూ, పోల్చి చూడడానికి కింద నా చేలోనూ గోతులు తవ్వించి, వేలితో మట్టి నలిపి చూస్తున్నాడు. ఎండన పడి చేస్తున్నాడని మంచినీళ్ళు తీసుకెళ్ళాను.

"ఇంత మంచి నేల ఉండగా ఆ రాళ్ళలో ద్రాక్ష ఎందుకు బాబూ?" అని అడిగాను.

అతను నవ్వాడు. "మంచి నేలే అమ్మా, అదే దాని జబ్బు. తీగకు కడుపునిండా తిండీ నీళ్ళూ పెడితే బద్ధకం చేస్తుంది. ఆకులు గుబురుగా వేస్తుంది, కాయలో నీళ్ళే ఉంటాయి. మీ రేగడిలో వేస్తే నీడొస్తుంది, వైన్ రాదు. దాన్ని కాస్త మాడ్చాలి. రాళ్ళ సందుల్లో పడి వేరు లోతుకి పోవాలి. అప్పుడు కాయ చిన్నదవుతుంది, తోలు మందమవుతుంది, రుచి చిక్కబడుతుంది."

"పోనీలే, మా తమ్ముడికి అదృష్టం కలిసొచ్చింది."

"అదృష్టమా? భలేవారండీ! సారు ఆ గట్టు మట్టిని పంపకాలకు ముందే మాకు పంపి పరీక్ష చేయించారు. అడుగున సున్నపురాయి పొర ఉందని రాయి ముక్క కూడా పంపారు. కాలేజీలో మట్టి పాఠాలు చెప్పే మనిషి కదా, ఊరికే పోతుందా?"

పాపం, నిన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. నేను ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

గట్టు తీసుకున్నందుకు నాకు కోపం లేదు తమ్ముడూ. తాగుడు సరుకు కోసం అని తెలిసినా, నోరు తెరిచి అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. కానీ గట్టుతోపాటు నా దండం కూడా పట్టుకుపోయావు. అమ్మ దగ్గర నా నోరు పట్టుకుపోయావు. అవి దొంగసొత్తు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే నీ తోట మేస్త్రి తట్టలతో, కూలీలతో దిగాడు.

"అమ్మగారూ, అయ్యగారు మట్టి ఎత్తమన్నారు."

"ఎత్తొద్దు."

"వేర్లు మాడిపోతాయమ్మా! పోనీ, మీ నల్లమట్టయినా కొంచెం కప్పనా?"

"ఎంత కావాలంటే అంత పట్టుకెళ్ళు. బంగారం కదా."

"అయ్యో, మరిచాను! అది వేశానంటే అయ్యగారు నన్నే ఆ తీగల కింద పూడ్చేస్తారు" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కూలీలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ ఎలా రాయాలో తెలియక ఆపాను. వాళ్ళను పంపేసి దేవుడి ముందు కూర్చున్నాను. నిన్ను క్షమించాలనే మాట లోపల ఎక్కడైనా పుడుతుందేమోనని చాలాసేపు చూశాను. పుట్టలేదు. లేచి ట్రాక్టరు పిలిపించాను. నీ మట్టినంతా నా రేగడిలో కలిపి నిలువుగా, అడ్డంగా దున్నించేశాను. మీ బావ "తోడబుట్టినవాడితో మట్టి దగ్గర పంతమేమిటే?" అని అరుస్తూనే ఉన్నారు. నేను గొంతు పెంచలేదు, ట్రాక్టరు ఆపమనీ అనలేదు. చేసింది తప్పేనని తెలుసు. బాధ మాత్రం కలగడం లేదు. అదే దేవుడికి చెప్పుకున్నాను, నీకూ చెబుతున్నాను.

నీ తోటకు దారి లేకపోలేదు. వాగు మలుపులో నా వాటా చివర ఒక మడి అచ్చం నీ గట్టు మట్టే, అదే సున్నపురాయి. ఆఫీసరు గోతి తవ్వి చూసి మరీ చెప్పాడు. నీ పైవరసలు కప్పడానికి అది సరిపోతుంది. అమ్మను వెంటబెట్టుకుని రా. ఆమె ఎదుట నిలబడి, తెలిసే తీసుకున్నానని నీ నోటితో చెప్పు. తట్టలు నేనే ఎత్తిస్తాను. ఫోనులో వద్దు, ఫోనులో నువ్వు చాలా తియ్యగా మాట్లాడతావు.

రావడం, మానడం నీ ఇష్టం. తొందరేమీ లేదు. వాన వెలిసినప్పటినుంచి ఇక్కడ ఎండలు మాత్రం బాగా కాస్తున్నాయి.

ఇట్లు,
ఇంకా నీ అక్కే