రెండో దెబ్బ

అన్నయ్యా,

బాగున్నావా అని అడగకూడదేమో. అయినా అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నువ్వు వెళ్ళిపోయి పదకొండేళ్ళు దాటిపోయింది. ఇన్నేళ్ళలో నీకు ఒక్క ముక్క రాయలేదు. కలం పట్టుకుంటే ఈ చెయ్యి చేసిన పనే గుర్తొచ్చేది... ఇప్పుడు ఎడమ చెయ్యి కట్టులో ఉంది. మిల్లుకి సెలవు. ఇక తప్పించుకోవడానికి సాకు దొరకలేదు.

ముందు నీకు నచ్చే కబురు. మొన్న సియోల్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. వాలీబాల్‌లో మన దేశానికి కంచు పతకం వచ్చింది. అంబాజీపేట కొబ్బరి పీచు మిల్లులో పని చేస్తూ రేడియోలో విన్నాను. యంత్రాల మోతలో సగం వినపడలేదు. పక్కవాణ్ణి మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. "మనవాళ్ళు ఎత్తులో తక్కువ కాదురా, నేర్పేవాడే లేడు" అనేవాడివి కదా. ఇప్పుడు నేర్పేవాళ్ళు వచ్చారు.

అమలాపురంలో ఏటా వేసవిలో శిబిరం పెడుతున్నారు. ఢిల్లీలో ఉన్న జాతీయ ఫెడరేషన్ చెప్పిన పద్ధతి ప్రకారం అంతా నడుస్తుంది. నైలాన్ నెట్టు, ఇనుప స్తంభాలు, ఒక్క శిబిరానికే డజను బంతులు! మనకి ఉన్నది ఒక్క బంతి. దానికి చెప్పులు కుట్టే సూదితో నువ్వు వేసిన కుట్లు. మన నెట్టు, చేపల వల కోసి కట్టింది. ఇప్పుడు ప్రతి ఆటగాడికీ ఫోటో అంటించిన కార్డు ఉంటుంది. రిఫరీ కావాలంటే కాకినాడ వెళ్ళి పరీక్ష పాసవ్వాలి. ఆడపిల్లల జట్టు కూడా ఉంది. వాళ్ళు కొట్టే సర్వీసు నువ్వు చూడాలి.

ఇంకోటి. నెట్టుకి రెండు చివర్లా ఎరుపూ తెలుపూ చారల కర్రలు నిలబెడుతున్నారు. వాటిని ఆంటెన్నా అంటారు. బంతి ఆ రెండిటి మధ్య నుంచే అవతలికి వెళ్ళాలి. బయట నుంచి వెళితే తప్పు. పెద్ద పోటీల్లో ఇది ఎప్పట్నుంచో ఉందట. మన దాకా రావడానికే ఇంత కాలం పట్టింది. మొదటిసారి చూసినప్పుడు ఆ కర్ర పట్టుకుని కదలకుండా నిలబడిపోయాను. కోచ్ గారు ఏమైందని అడిగారు.

ఆ రోజు మన నెట్టుకి ఇది ఉండుంటే... నువ్వు బతికేవాడివా?

కోతలైపోయిన పొలంలో, రాజోలు అవతల, మన పేట జట్టుకీ కాలవ అవతలి ఊరి జట్టుకీ ఫైనలు. నువ్వు కెప్టెన్‌వి. నేను లిఫ్టర్‌ని, నీకు బంతి ఎత్తి అందించేవాణ్ణి. చివరి గేమ్‌లో మనం పద్నాలుగు, వాళ్ళు పదమూడు. వాళ్ళ షూటర్ సత్తిబాబు కొట్టిన బంతి నెట్టు చివర దాటి, గుంజకి బయట నుంచి వచ్చి మన కోర్టులో పడింది. రిఫరీ కుర్చీలో కూర్చున్నది వాళ్ళ ఊరి పెద్దే. ఆయన పాయింటు వాళ్ళకి ఇచ్చాడు.

నువ్వు ఒక్కడివే ఆయన దగ్గరికి నడిచావు. చేతులు కట్టుకుని అడిగావు. "బంతి బయట నుంచి వచ్చిందండి. మీరూ చూసేరు కదండి."

అంతే. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. నేను వెనకే ఉన్నాను, విన్నాను.

మొదట ఒక కొబ్బరి బొండం వచ్చి నీ వీపున తగిలింది. తరువాత జనం గట్ల మీద నుంచి దిగారు. కొబ్బరి మట్టలు, రాళ్ళు, సైకిలు చెయిన్లు. నెట్టు తాళ్ళు కోసేశారు. ఎవరో సరుగుడు గుంజని నేలలోంచి పీకారు. నా మీద ముగ్గురు పడ్డారు. నోటి నిండా మట్టి. ఒకడు నా చెవి కొరికాడు, ఆ గాటు ఇంకా ఉంది. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి నువ్వు కనిపించావు. గుంజ లేచి దిగింది. తల పగిలితే పెద్ద చప్పుడు వస్తుందంటారు గానీ... రాలేదు. తడి బట్ట బండ మీద వేసినట్టు, మెత్తటి చప్పుడు. నువ్వు కూర్చున్నట్టుగా పడిపోయావు.

నేను విడిపించుకుని లేచేసరికి సత్తిబాబు నీ మీద ఉన్నాడు. అతని తెల్ల బనీను అంతా నీ నెత్తురు. గుంజ అతని చేతిలో ఉంది. నేను చూసింది అంతే. నాకు అది చాలింది.

అద్దె కారులో అమలాపురం తీసుకెళ్తుంటే నీ తల నా ఒళ్ళో ఉంది. నా లుంగీ మడతల్లో నెత్తురు నిలిచిపోయింది. "స్కోరెంతరా?" అని అడిగావు. గెలిచామని చెప్పాను. ఆ అబద్ధం విని నవ్వావా, నొప్పికి మూతి వంకర పోయిందా? ఇప్పటికీ తెలియదు. ఆసుపత్రి మెట్ల దాకా కూడా నువ్వు ఆగలేదు.

కేసు పెట్టారు. అంత జనంలో ఎవడు కొట్టాడో చూసినవాడు ఒక్కడూ లేడట. కేసు వీగిపోయింది.

రెండు నెలలు ఆగాను. సత్తిబాబు వాళ్ళకి అరటి తోటలున్నాయి, వారానికోసారి గెలలు రావులపాలెం తెస్తాడని కనుక్కున్నాను. ఒక ఉదయం, మార్కెట్ నిండా జనం ఉండగానే, అక్కడికి వెళ్ళాను. అతను బండి మీంచి గెల దింపుతూ రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. పక్కన ఆనించి ఉన్న కావడి బద్ద తీసుకుని కుడి మోచేతి మీద కొట్టాను. ఆ చేత్తోనే కదా అన్నని కొట్టింది, అన్నాడు నాలో ఎవడో.

గెలతో పాటు కింద పడ్డాడు. అరవలేదు. నా మొహంలోకి చూసి అన్నాడు.

"నేను కాదు దానం. కర్ర లాక్కుందామని పట్టుకున్నాను. మీ అన్న ఇమ్మానియేలు మీద నేను పడింది, ఇంకో దెబ్బ తగలకుండా కాయడానికే."

అన్నయ్యా, ఇప్పుడు చెప్పబోయేది కోర్టులో చెప్పలేదు, పాస్టరు గారికి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. అతను చెప్పింది నిజమని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆ కళ్ళు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పైగా ఆ రోజు అతని వీపు మీద కూడా ఎవరివో దెబ్బలు పడడం నేను చూశాను. చూసి మరచిపోయాను.

తెలిశాక కూడా బద్ద ఎత్తాను. అదే మోచేతి మీద మళ్ళీ కొట్టాను. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అప్పుడు అరిచాడు. పచ్చి గెలల మీద నెత్తురు చిమ్మింది.

ఎందుకు కొట్టానా అని జైల్లో మూడేళ్ళూ ఆలోచించాను. నిజం వినడానికి నేను వెళ్ళలేదు అన్నయ్యా. కొట్టడానికి వెళ్ళాను. నిజం అడ్డం వస్తే దాన్ని కూడా కొట్టాను.

కోర్టులో సత్తిబాబు నేను కొట్టానని మాత్రం చెప్పాడు. తను అన్న మాట, నేను విని కూడా కొట్టిన సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ శిక్ష పడేది. వాళ్ళ నాన్న బోనులో నిలబడి ఒక కాగితం చూపించి ఏడ్చాడు. రాష్ట్ర వాలీబాల్ సంఘం నుంచి వచ్చిన కాగితం. హైదరాబాదులో శిబిరం, ఫెడరేషన్ కోచ్ వచ్చి ఆటగాళ్ళని ఎంచుతాడట. ఆ కాగితం చూడగానే గుర్తుపట్టాను. అలాంటిదే నువ్వు పోయిన పదో రోజున మన ఇంటికీ వచ్చింది. ఇంగ్లీషులో ఉందని అమ్మ దాన్ని బైబిల్లో పెట్టి వదిలేసింది. మన వైపు నుంచి పిలిచింది ఇద్దరినే. నువ్వూ, అతనూ. ఒకణ్ణి వాళ్ళు తీశారు. రెండో వాణ్ణి నేను తీశాను.

బయటికి వచ్చాక పీచు మిల్లులో చేరాను. బంతి ముట్టుకోలేదు. ఎక్కడైనా ఆట జరుగుతుంటే సైకిలు చుట్టు దారిన తిప్పుకుని వెళ్ళేవాణ్ణి.

రెండేళ్ళ కిందట సత్తిబాబు మిల్లుకి వచ్చాడు. పీచు దుమ్ములో మొదట పోల్చుకోలేదు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగిపోయి ఉంది, భుజం దాటి లేవదు. నన్ను కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. నిజం చెప్పనా... కొడితే బాగుండును అనిపించింది.

అతను రిఫరీ పరీక్ష పాసయ్యాడట. కుడి చేత్తో సైగ చెయ్యలేడని ముందు వద్దన్నారట. ఢిల్లీ నుంచి వచ్చిన ఫెడరేషన్ ఆయన, ఒక ఆట నడిపి చూపించమన్నాడట. ఎడమ చేత్తోనే మొత్తం ఆట నడిపాడు. మన తాలూకాల్లో పోటీలకి గీతల దగ్గర జెండా పట్టుకునే వాళ్ళు కావాలని, నన్ను రమ్మని అడిగాడు.

"నేనాండి?" అన్నాను.

"ఆయ్. బంతి ఎక్కడ పడిందో నీకు కనిపిస్తుంది. కనిపించింది కనిపించినట్టు చెప్పడమే పని."

అంతకన్నా గట్టిగా నన్నెవరూ కొట్టలేదు. వెక్కిరించాడని కాదు. మామూలుగానే అన్నాడు. వెళ్ళాను. ఎందుకు పిలిచారని అడగలేదు. క్షమించమని కూడా అడగలేదు. రెండేళ్ళు ఒకే మైదానంలో నిలబడ్డాం. ఆ మాట మాత్రం నా నోటికి రాలేదు.

ఈ ఆగస్టులో గోదావరి ఊళ్ళ మీదికి వచ్చేసింది. మైదానాలన్నీ ఒండ్రు కప్పేసింది. అది ఎత్తి పోసి, పోయిన నెల కొత్తపేటలో పోటీలు పెట్టారు. ఫైనల్లో మన పేట కుర్రాళ్ళు ఉన్నారు. సత్తిబాబు రిఫరీ. నేను గీత దగ్గర జెండాతో ఉన్నాను. చివరి గేమ్‌లో మనవాడు కొట్టిన బంతి ఆంటెన్నాకి బయట నుంచి దాటి అవతల పడింది. జానెడు బయట. నేను జెండా తల మీద ఊపి కర్ర వైపు చూపించాను. సత్తిబాబు ఈల ఊదాడు.

మనవాళ్ళే అన్నయ్యా. నీ పేరు బనీన్ల మీద అచ్చు వేయించుకున్నవాళ్ళే. రిఫరీ నిలబడే ఎత్తుబల్ల పట్టుకుని ఊపి పడగొట్టారు. సత్తిబాబు ఆ పాడైన చేతి మీదే పడ్డాడు. నలుగురు కాళ్ళతో తన్నడం మొదలెట్టారు. మన చిన్నాన్న కొడుకు యేసురత్నం బెంచీ కోడు పీకి అతని తల మీదికి ఎత్తాడు. నేను పరిగెత్తి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. రెండు ఎముకలూ విరిగాయి. ఆ చప్పుడు మాత్రం గట్టిగానే వచ్చింది.

నేను మంచివాణ్ణి అయిపోయానని అనుకోకు. నా కుడి చేతిలోకి సోడా సీసా ఎప్పుడు వచ్చిందో తెలియదు. రాయి మీద కొట్టి పగలగొట్టాను. యేసురత్నం జుట్టు విరిగిన చేత్తోనే పట్టుకున్నాను. వాడి గొంతు నా ముందు ఉంది. చేతిలో నొప్పి లేదు. సుఖంగా ఉంది... అవును, సుఖంగానే ఉంది. పదకొండేళ్ళ కిందట ఎలా ఉందో అలాగే.

కింద నుంచి సత్తిబాబు అన్నాడు. "వద్దు దానం."

ఈసారి విన్నాను. సీసా వదిలేశాను. వాడి గొంతు మీద గాటు పడింది, కానీ లోతుగా దిగలేదు.

పోలీసులు వచ్చి జనాన్ని గీతల వెనక్కి తోశారు. సత్తిబాబు నుదుటి మీద తువ్వాలు కట్టుకుని మళ్ళీ బల్ల ఎక్కాడు. ఆట పూర్తయింది. మనవాళ్ళు ఓడిపోయారు. ఎవరూ చావలేదు. వారం తిరక్కుండా వాలీబాల్ సంఘం వాళ్ళు మన జట్టు కార్డులు వెనక్కి తీసుకున్నారు, ఏడాది ఆడకూడదని. పేటలో నాతో ఎవరూ మాట్లాడడం లేదు. నీ పేరు చెడగొట్టానట.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే సత్తిబాబు పక్కనే కూర్చున్నాడు. అప్పుడు అన్నాడు, ఆ రోజు గుంజ ఎవరి చేతిలోంచి లాక్కోబోయాడో చెబుతానని. ఇన్నేళ్ళూ నేను అడుగుతానని ఎదురు చూశాడట.

"చెప్పకండి," అన్నాను. "నా కుడి చెయ్యి ఇంకా బాగానే ఉందండి."

అతను "ఆయ్," అన్నాడు. అంతే. నిన్ను కొట్టినవాడి మొహం నువ్వు చూసే ఉంటావు. నాకు వద్దు. తప్పు చేశానంటావా?

ఆ పూటే అతన్ని క్షమాపణ అడిగాను. రెండు దెబ్బలకీ విడివిడిగా. మొదటిది తెలియక, రెండోది తెలిసి. తనకి ఆ సంగతి మార్కెట్లోనే తెలుసన్నాడు. క్షమించానని గానీ, లేదని గానీ అనలేదు. వెళ్తూ నా చెప్పులు మంచం కింద నుంచి తీసి నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళాడు.

ఇక మిగిలింది అమ్మ. నువ్వు పోయిన రోజు నుంచి అమ్మ సాయంత్రం ప్రార్థనలో సత్తిబాబు వంశం నాశనం కావాలని అడుగుతోంది. పేరు పెట్టి మరీ అడుగుతుంది. నేను పక్కన మోకాళ్ళ మీద ఉండి ఆమెన్ అంటాను. అన్నకి న్యాయం చేసిన తమ్ముడని నన్ను పదిమందిలో చెప్పుకుంటుంది. ఆవిడకి మిగిలిన గర్వం అదొక్కటే. యేసురత్నం పేరు ఆవిడ ముందు ఎవరూ ఎత్తలేదు, అందుకే ఇప్పుడీ చెయ్యి కూడా సత్తిబాబు మనుషులే విరిచారని నమ్ముతోంది. నేను కాదనలేదు...

రేపు ఆదివారం. చర్చి నుంచి రాగానే అమ్మని కూర్చోబెట్టి అంతా చెబుతాను. నీ మీద ఎవరు పడుకుని దెబ్బలు కాచారో చెబుతాను. నేను ఏం చేశానో కూడా చెబుతాను. తిట్టనీ, కొట్టనీ, ఇంట్లోంచి పొమ్మననీ. ఆ పేరు మన ఇంటి ప్రార్థనలో అలా ఇంకొక్క సాయంత్రం ఉండనివ్వను. నీకు మాట ఇస్తున్నాను.

నీ తమ్ముడు,
దేవదానం