నా పేరు కింద నీ సంతకం

అన్నా,

నేను పెట్టని సంతకం నా పేరు కింద నువ్వు పెట్టావు. నన్ను అడగలేదు, పెట్టేముందు చెప్పనూ లేదు. పెట్టి, ఆ కాగితాన్ని మన బిల్డింగు నోటీసు బోర్డుకు అంటించనిచ్చావు. తర్వాత తీరిగ్గా నాకు ఉత్తరం రాస్తూ, మూడో పేజీలో, వదిన పంటినొప్పికీ పాప పరీక్షలకూ మధ్యలో ఆ సంగతి ఇరికించావు. అందుకే ఈ ఉత్తరంలో కుశల ప్రశ్నలు లేవు. నేను బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని నువ్వే రాశావు. అది మాత్రం నేను నమ్మడం లేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నేను గొంతు పెంచగానే నువ్వు "సరే సరే, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు. చదువు.

నువ్వు రాసిందే నీకు తిరిగి చెప్తాను, ఎలా వినిపిస్తుందో చూసుకో. ఎక్కడో రైల్వే స్టేషన్లో బాంబు పేలింది. పదకొండు మంది పోయారు. పేల్చినవాళ్ళు మనం నమాజులో పలికే మాటలే అరుస్తూ పేల్చారు. మర్నాడు సంఘం సెక్రటరీ గారు ఒక కాగితం టైపు చేయించి, నలభై ఫ్లాట్లలో రెంటికి మాత్రం పంపారు. ఒకటి మనది, రెండోది రెండో అంతస్తులో ఉండే నర్సు గారిది. 'మా మతం పేరిట జరిగే హింసను ఖండిస్తున్నాము. మా ఇంటికి వచ్చే అతిథుల వివరాలు సంఘానికి ముందుగా తెలియజేస్తాము.' కింద నీ పేరు, వదిన పేరు, అమ్మ పేరు, నా పేరు. నాలుగు సంతకాలూ నువ్వే గిలికావు. నాది వేరేగా కనిపించాలని ఎడమచేత్తో పెట్టానని జోకు కూడా రాశావు. నవ్వు రాలేదు అన్నా.

నేను ఆ ఇల్లు వదిలి వచ్చి మూడేళ్ళయింది. నువ్వు ఒప్పుకున్న రెండో వాక్యం ప్రకారం ఇప్పుడు నేనూ అతిథినే. నాకు సెలవు దొరికితే నువ్వు ముందు కిందికి దిగి, సెక్రటరీ గారి తలుపు తట్టి, "మా చెల్లెలొస్తోందండీ" అని చెప్పుకోవాలి. పురిటికి ఆయన కూతురు వచ్చినప్పుడు అమ్మ ఆసుపత్రిలో నాలుగు రోజులు కూర్చుంది. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు అని మనం అడిగామా?

'ఒక సంతకం పెడితే ఏం పోయింది' అని అడిగావు. చెప్తాను. నేను లిఫ్టులు బాగుచేస్తానని నీకు తెలుసు గాని, ఎలా చేస్తామో ఎప్పుడూ అడగలేదు. లిఫ్టు గుంతలోకి దిగేముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటాం. ఇద్దరు దిగితే రెండు తాళాలు, ముగ్గురు దిగితే మూడు. ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులోనే. సూపర్‌వైజరైనా సరే ఇంకొకరి తాళం ముట్టుకోడు. తనిఖీ కార్డు మీద కూడా అంతే. తాడు, బ్రేకు తన చేత్తో పట్టి చూసినవాడే సంతకం పెట్టాలి. పోయినేడు మా సీనియర్ ఒకాయన, తొమ్మిదేళ్ళ అనుభవం, సెలవులో ఉన్న స్నేహితుడి బదులు కార్డు మీద సంతకం పెట్టేశాడు. మనవాడే కదా, రెండు నిమిషాల పని కదా అనుకున్నాడు. ఆ లిఫ్టుకి ఏమీ కాలేదు. ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. అయినా ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నాకది అన్యాయమనిపించలేదు. నువ్వు చేసిన సాయం మా దగ్గర చేసుంటే నిన్ను గేటు దాకా దింపి వచ్చేవాళ్ళు.

ఇక నీ రెండో ప్రశ్న. 'వాళ్ళు మన మాటలే అరుస్తూ చంపారు కదా, మనం జవాబు చెప్పుకోవద్దా?' ఇది మంచి ప్రశ్నే. దీనికి మాత్రం కోపం లేకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఒక లిఫ్టు పడిపోతే ఆ లిఫ్టు తాడు చూస్తాం, బ్రేకు చూస్తాం, చివరిసారి ఎవరి చెయ్యి పడిందో చూస్తాం. లిఫ్టులన్నీ మనుషుల్ని చంపడానికే పుట్టాయని బోర్డు పెట్టం. మరి ఒకే రకం బ్రేకు పది చోట్ల జారితే, ఆ బ్రేకునే అనుమానించొద్దా అంటావు. అనుమానించాలి. విప్పి చూడాలి. నేను చూశాను. ఎనిమిది నెలలు, భోజనాల వేళ, మెషిన్ రూమ్ మెట్ల మీద కూర్చుని మన పవిత్ర గ్రంథాన్ని తెలుగులో మొత్తం చదివాను. నువ్వు చదివావా? దయ గురించి అందులో చాలా ఉంది. యుద్ధం నడుస్తున్నప్పటి కఠినమైన మాటలూ ఉన్నాయి. అవి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మసీదు పెద్దాయన్ని వెళ్ళి అడిగితే, "అవన్నీ మనకెందుకమ్మా, మనసు మంచిదైతే చాలు" అన్నారు. అది జవాబు కాదని ఆయన ముఖం మీదే చెప్పాను. రెండు వారాల తర్వాత ఆయనే కబురుపెట్టి, ఏ మాట ఎప్పుడు, ఎవరితో ఏ పోరు జరుగుతుంటే వచ్చిందో ఓపిగ్గా చెప్పారు. కొన్నిటికి మనసు కుదుటపడింది. కొన్నిటికి ఇంకా పడలేదు. ఆయనతో ఇంకా వాదిస్తూనే ఉన్నాను.

'వాళ్ళసలు ముస్లిములే కాదు' అని నువ్వు రాశావు చూడు, అలా చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. వాళ్ళు ముస్లిములే. మనం చదివేదే చదివి, చంపమని ఉందన్నారు. అలా చెవుల్లో విషం పోసేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళతో తగువు పడాల్సింది కూడా ముందు మనమే. నేను పడతాను. అది నా ఇంటి పని కాబట్టి పడతాను, సెక్రటరీ గారికి నా మీద అనుమానం వచ్చింది కాబట్టి కాదు. ఇన్ని కోట్ల మంది పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, దేవుణ్ణి తలుచుకుని పనికి పోతుంటే, ఆ తలుచుకోవడానికే హంతకుల పేరు పెట్టడం న్యాయం కాదు. తమ దేవుడి పేరు చెప్పి చంపినవాళ్ళు ఏ మతంలో లేరు? మిగిలిన ముప్పై ఎనిమిది ఫ్లాట్లకీ ఎప్పుడైనా ఇలాంటి కాగితం వెళ్ళిందా?

పాప కోసం పెట్టానన్నావు. కింద పిల్లలు ఆటలో దాన్నే బాంబు పెట్టే దొంగని చేస్తున్నారని, ఏడుస్తూ పైకొచ్చిందని రాశావు. ఆ వాక్యం దగ్గర నేనూ ఆగిపోయాను. కానీ కాగితం అంటించి పన్నెండు రోజులైంది కదా, ఇప్పుడు దాన్ని పోలీసుని చేస్తున్నారా? నాకు తెలిసి ఆ పిల్లలకి బోర్డు చదవడం వచ్చు. మన ఇంటి పేర్లు నాలుగూ అక్కడ చదువుకునే ఉంటారు. నర్సు గారు సంతకం పెట్టనన్నారని, ఆవిడకి పొగరని రాశావు. ఆవిడ పొగరులో సగం నీకుంటే బాగుండేది. అమ్మ ఇప్పుడు తన స్నేహితురాళ్ళని ఇంటికి రావద్దంటోందట. ఇది నువ్వు రాయలేదు. వదిన చెప్పింది.

ఇప్పుడు ఒకటి చెప్పాలి. ఇంతసేపూ దాన్ని దాటేసి రాస్తున్నాను.

బాంబు పేలిన మూడో రోజు నేను ఒక పాత వాణిజ్య భవనంలో లిఫ్టు తలుపు సరిచేస్తున్నాను. నడివయసు మనిషి ఒకాయన వచ్చాడు. పొడుగు గడ్డం, తల మీద టోపీ, చేతిలో బరువైన సంచి. సంచి కింద పెట్టి పక్కనే నిలబడ్డాడు. నాకు భయమేసింది. నిజం చెప్తున్నాను అన్నా, నాకే. సంచిలో ఏముందని అడిగాను. ఆయన చెప్పేలోపే వాచ్‌మన్‌ని కేకేశాను. నలుగురు చేరారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని జిప్ తీశాడు. కుట్టుమిషను తల. నాలుగో అంతస్తులో దర్జీ అట, రిపేరు చేయించుకుని తెస్తున్నాడు. అందరూ వెళ్ళిపోయాక నా చొక్కా మీద పేరున్న బిళ్ళ వైపు చూసి, మెల్లిగా అన్నాడు: "ఈ వారంలో ఇది నాలుగోసారమ్మా. మీరు మాత్రం అడగరనుకున్నాను."

మర్నాడు ఆయన కొట్టుకు వెళ్ళి తప్పయిందని చెప్పాను. ఆయన తల ఎత్తకుండా కుడుతూనే, "పర్లేదమ్మా, భయం ఎవరికైనా ఉంటుంది" అన్నాడు. కూర్చోమని మాత్రం అనలేదు.

నేను ఆ మనిషిని చూడలేదు, గడ్డాన్ని చూశాను. ఆయన ఏ మాటతో దేవుణ్ణి తలుచుకుంటాడో, నేనూ అదే మాటతో తలుచుకుంటాను. అయినా రెండు క్షణాల్లో ఆ మాటకి బాంబుని ముడిపెట్టాను. నీ కాగితం చేసింది కూడా అదే. నీకూ నాకూ తేడా లేదని ఒప్పుకోవడానికే ఇది రాశాను. అయితే నేను పోయి తప్పు దిద్దుకున్నాను. ఇప్పుడు నీ వంతు.

సెక్రటరీ గారి దగ్గరికి నువ్వే వెళ్ళు. ఆ కాగితం మీద మా చెల్లెలి సంతకం నేను పెట్టాను, అది తనది కాదు అని నీ నోటితో చెప్పి, దాన్ని బోర్డు నుంచి తీయించు. అమ్మనీ వదిననీ కూర్చోబెట్టి, వాళ్ళ పేర్లు ఉంచాలో తీసెయ్యాలో వాళ్ళని అడుగు. నీ పేరు నీ ఇష్టం. తీసిన కాగితాన్ని నాకు పోస్టులో పంపు. గురువారం సాయంత్రం ఆరు దాకా చూస్తాను. అప్పటికి నీ నుంచి కబురు రాకపోతే శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరతాను. ఎవరికీ ముందు చెప్పను. ఆదివారం సంఘం మీటింగులో నలభై ఫ్లాట్ల ముందు నిలబడి ఆ నాలుగు సంతకాలూ ఎవరు పెట్టారో నేనే చెప్తాను.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
నీ చెల్లెలు