కిటికీ పక్క బెంచీ

జులై 7, సోమవారం
శుక్రవారం ఇచ్చిన రిఫ్లెక్షన్ మళ్ళీ తిప్పి పంపారు కోఆర్డినేటర్ మేడమ్. "రిపోర్ట్ రాసినట్టుందండీ ఝాన్సీ గారూ. మీరేరీ ఇందులో? ఫీలింగ్ ఏదీ?" మూడు గళ్ళు — ఏం జరిగింది, ఏమనిపించింది, ఏం నేర్చుకున్నాను. ఇంటర్నేషనల్ స్కూల్ టీచరు వారం వారం తనలోకి తాను చూసుకోవాలట. చూసుకున్నది ఆవిడకి నచ్చకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదు.

జులై 9
రాసేశాను. జరిగింది జరిగినట్టు. నాలుగో తరగతి భవ్య ఫ్రీ సీటు పిల్ల. పొద్దున్నే వాళ్ళమ్మ చేపల తట్టల మధ్య ఆటోలో వచ్చి దిగుతుంది. పోయిన వారం పక్క పిల్ల ముక్కు మూసుకుంది — "టీచర్, స్మెల్." భవ్యని చివరి బెంచీకి, కిటికీ పక్కకి మార్చాను. ఎవరూ చెప్పలేదు. నేనే.
రెండో గడిలో — మా అమ్మదీ చేపల బేరమే. కాలేజీకి వెళ్ళేముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేదాన్ని. భవ్య పక్కన నిలబడితే ఆ నీచు వాసన నాదని తెలిసిపోతుందని భయం. అందుకే మార్చాను.

జులై 10
ప్రశ్న అడిగితే భవ్య చెయ్యి ఎత్తడం లేదు. మొదట్లో అందరికన్నా ముందు ఎత్తేది.

జులై 14, సోమవారం
స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ మేడమ్ — "ఎక్సలెంట్ అండీ! చదువుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి." గురువారం స్కూలు చూడ్డానికి ఫారిన్ నుంచి వచ్చే టీమ్ ముందు నేనే చదవాలట. "చివర్లో ఒక్క లైను కలపండి. ఇప్పుడా పాప ఫస్ట్ బెంచీలో హ్యాపీగా ఉందని."
"అయితే ఇవాళే మార్చేస్తానండీ."
"అయ్యో, ఇప్పుడొద్దు! సీటు మార్చినందుకు ఆ పక్క పిల్ల పేరెంట్ నిన్ననే గ్రూపులో థాంక్స్ పెట్టారు. టీమ్ వెళ్ళాక చూద్దాం."
నా సిగ్గు ఆవిడకి పనికొచ్చింది. పిల్ల పనికిరాలేదు. ఆ కళ్ళనీళ్ళు ఏమయ్యాయో.

జులై 15
పొద్దున్నే భవ్యని ముందుకి తెచ్చాను. భోజనాల బెల్లు కొట్టేసరికి ఆయా వచ్చి బ్యాగు తీసింది. "మేడమ్ గారు చెప్పారమ్మా, నన్నేం చెయ్యమంటారు?"
"మళ్ళీ వెనక్కేనా టీచర్?" — భవ్య. ఏడవలేదు. బ్యాగు ఆయా చేతిలోంచి తీసుకుని తనే నడిచింది.
నేను ఆపలేదు. మేడమ్ మీద కోపమా, నా మీదా?

జులై 16
సాయంత్రం ఇంట్లో ప్రాక్టీసు. అమ్మ తట్ట కడుగుతోంది. "ఏంటే, ఎవర్నో తిడతన్నట్టు చదవతన్నావు? నాక్కూడా అర్థమయ్యేట్టు చెప్పు." తెలుగులో చెప్పాను. నిమ్మచెక్క దగ్గర ఆగి, కింది గడిలోకి వెళ్ళబోయాను.
"అక్కడింకా ఉందిగా కాయితం మీద. మింగేశావేం?" చదువు రాకపోయినా నా వేలు చూస్తోంది.
చెప్పాను.
తట్ట బోర్లించింది. తర్వాత — "ఆ పిల్ల తల్లికి చెప్పావా?"
"లేదు."
"మరి ముందు దొరలకెందుకే చెప్పటం?"

జులై 17, గురువారం
తొమ్మిదిన్నర. స్టాఫ్ రూమ్. టీమ్ పదింటికి.
పొద్దున గేటు దగ్గర ఆటో ఆపాను. భవ్యని లోపలికి పంపి వాళ్ళమ్మకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "పొద్దున్నే సబ్బెట్టే తోముతానండీ దాన్ని..." అంటూ తన చేతులు కొంగులో దాచుకుంది.
మేడమ్ కలపమన్న లైను కలపలేదు. మూడో గడి, ఏం నేర్చుకున్నానన్నది, మొత్తం కొట్టేశాను.
భవ్యని మళ్ళీ మొదటి బెంచీలో కూర్చోబెట్టాను. ఈ పూటకి. కారిడార్‌లో ఆయా చెప్పుల చప్పుడు... అటు మేడమ్ పిలుస్తున్నారు — "ఝాన్సీ గారూ, రెడీయేనా?"