దుప్పటి కప్పిన బోను

సోమవారం పొద్దున

ప్రియమైన ఆనందక్కా,

...అదే చెప్తున్నా, నిన్నటి చీటీలో సగమే రాసినా. అమ్మ వచ్చే చప్పుడు వినిపించి, రాసినంతవరకే మడిచి కిటికీలోంచి, సూళ్లూరుపేటకి చేపలు మోసే నాగులమ్మవ్వ గంపలో పడేసినా. మిగతాది ఇది.

నిన్న తెల్లారి నువ్వు పిల్లి బోను స్కూటీ మీద పెట్టుకుని సూళ్లూరుపేట పశువుల ఆసుపత్రికి పోయినావు కదా. నేను ఇల్లు చేరేలోపలే కబురు చేరిపోయింది. సంజీవరావు మామ బస్టాపు దగ్గర టీ తాగుతా చూసినాడంట. ఆయనకి కనిపించింది ఏందంటే, హెల్మెట్ పెట్టుకున్న మగోడు ఒకడు, దుప్పటి కప్పిన బట్టల మూట, ఆ మూట అందిస్తా నేను. నీ కూతురు సామాన్లు ముందే పంపించేసింది, రేపో ఎల్లుండో మనిషి కూడా పోతుందని నాన్నకి చెప్పేసినాడు.

బోనుకి దుప్పటి కప్పకపోతే పిల్లి బెదిరి మూతి పగలగొట్టుకుంటుందని నువ్వే నేర్పించినావు. నేను సరిగ్గానే చేసినా అక్కా.

ఫోన్ తీసేసుకున్నారు. వెనక గదిలో పెట్టి బయట గడియ వేసినారు. కాలేజీ లేదంట. బుధవారం కోవూరులో పెద్దమ్మ ఇంటికి పంపించేస్తారంట. తిరిగి ఎప్పుడు తెస్తారంటే ఎవరూ చెప్పరు. ఎవడూ లేడమ్మా అని ఎన్నిసార్లు చెప్పినానో. అయితే ఆ మూటలో ఏముందో చెప్పు అంటుంది అమ్మ.

ఎట్లా చెప్పాలి? నాన్నది ఎండుచేపల వ్యాపారం. పెరట్లో ఆరబెట్టినవి పిల్లులు లాక్కుపోతాయి, గోతాల మీద గలీజు చేస్తాయి, వాసన వస్తే ఆ గోతాలు మద్రాసు నుంచి వెనక్కి వచ్చేస్తాయి. చేప తలకాయల్లో మందు కలిపి పెడతానని పోయిన నెలే అన్నాడు. మనం నాలుగు పిల్లులకి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్ళీ ఇక్కడే వదిలినామని తెలిస్తే ఆ పూటే పెట్టేస్తాడు. ఆపరేషన్ గుర్తుగా వాటి చెవి చివర కత్తిరించి ఉంటే, కొట్లాడుకుని తెంపుకున్నాయని అనుకుంటా ఉన్నాడు ఇంకా.

నిజం చెప్తే అవి పోతాయి. చెప్పకపోతే నేను పోతా. ఎటు చూసినా గోడే.

ఇంకొకటి. ఈ గదికీ గోడౌనుకీ మధ్య ఒకటే గోడ. అవతల నిన్నట్నుంచి ఏదో సన్నగా అరుస్తా ఉంది. ఎలుకలేమో. వినలేక చెవుల్లో దూది పెట్టుకున్నా.

నిన్న తీసుకుపోయిన బూడిద రంగు పిల్లి ఎట్లుందో రాయి. దాని ఆపరేషన్ ఇవాళే కదా. నాగులమ్మవ్వకి చదవడం రాదు, ధైర్యంగా రాయి.

నీ వెన్నెల


సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన వెన్నెలకి,

నీ చీటీ ఇప్పుడే చదివినా. ఇది చూసిన వెంటనే దూది తీసెయ్. అవి ఎలుకలు కావు.

ఇందాక బూడిద రంగుదానికి మత్తిచ్చి, పొట్ట మీద బొచ్చు తీసినాం. తీస్తే పాలు కారుతున్నాయి. డాక్టరు గారు కత్తి పక్కన పెట్టేసినారు. నా వైపు ఒక చూపు చూసినారు చూడు, తిట్టినా బాగుండేది. ఈనిన పిల్లి అది. మూడు వారాలై ఉంటుంది. పట్టేముందు పొట్ట చూసుకోవాలని నీకు చెప్పినా, నువ్వు చీకట్లో చూళ్ళేదు. నేనైనా చూసినానా? బెదురుతుందని నిన్నంతా దుప్పటి ఎత్తనే లేదు, అడుగు నుంచి నీళ్ళు, తిండి తోసినా. తప్పులో పెద్ద సగం నాదే.

నిన్న తెల్లారి నుంచి ఆ పిల్లలకి పాల్లేవు. ఆవుపాలు పట్టొద్దు, పడవు. ముందు వెచ్చగా ఉంచాలి. రేపు పొద్దునకల్లా తల్లి దగ్గరికి రావాలి, అంతకు మించి ఆగవు. తల్లిని నేనే తెచ్చి వదుల్దునా అంటే, మత్తు దిగేదాకా అది లేవదు.

గోడౌను తాళం మీ అమ్మ నడుముకే ఉంటుందన్నావు ఒకసారి. నేనే వచ్చి హెల్మెట్ తీసి మీ నాన్న ముందు నిలబడమంటే నిలబడతా. నీ మీద మాట పోతుంది. కానీ అప్పుడు పిల్లుల సంగతి మొత్తం బయటపడుతుంది. నువ్వు ఊ అంటేనే వస్తా. ఏది చేసినా తొందరగా చెయ్యి తల్లీ.

ఇట్లు, తలెత్తుకోలేక,
ఆనందకుమారి


సోమవారం సాయంత్రం

ప్రియమైన అక్కా,

చెప్పేసినా. అమ్మకి.

అన్నం తెచ్చినప్పుడు తలుపుకి అడ్డం కూర్చుని మొత్తం చెప్పినా. బోను, నువ్వు, నాలుగు ఆపరేషన్లు, అవతల అరుపులు. హెల్మెట్‌లో ఉన్నది ఆడమనిషి అనేసరికి నవ్వేసింది. నవ్వి, వెంటనే చెంప మీద ఒకటి ఇచ్చింది. రెండు రోజులుగా తను ముద్ద మింగలేదంట, ఇది పిల్లుల కోసమా అంట.

అరుపు మళ్ళీ వినిపించింది. అమ్మ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. లేచి బయటికి పోయింది, గడియ కూడా వెయ్యలేదు. పారిపోవచ్చు కదా అనిపించింది. గోడకి చెవి ఆనించి కూర్చున్నా.

చాలాసేపటికి కొంగు మూట కట్టుకుని వచ్చింది. పాత వలల వెనక, గోతాల సందులో ఉన్నాయంట. మూడు. ఒకటి అప్పటికే చల్లబడిపోయింది. దాన్ని పెరట్లో పూడ్చి, మిగతా రెండింటినీ తెచ్చింది. నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. పాత చీర చింపి వాటికి చుడతా, నా మొహం చూడకుండా అంది.

"నీ తమ్ముడు పుట్టినాక నాకూ చేసినారే ఆపరేషన్. క్యాంపులో వరసగా కింద పడుకోబెట్టినారు. నాలుగో దినం లేచి ఎండలో చేపలు తిప్పినా. అయినా పాలు తాగే బిడ్డని చంకలో పెట్టుకునే క్యాంపుకి పోయినా నేను. దానికి ఆ మాత్రం కూడా లేకుండా చేసినారు కదే, మీ చదువుకున్నోళ్ళు."

చూసుకోలేదమ్మా అన్నా. అంతే.

రేపు మొదటి ఆటోలో నాగులమ్మవ్వతో పాటు అమ్మే వస్తుంది, క్యారేజీ బుట్టలో వీటిని పెట్టుకుని. అమ్మకి ఆ వీధి తెలీదు, అవ్వే దారి చూపించి ఈ చీటీ నీ చేతికిస్తుంది. నిన్ను రెండు తిట్టాలని ఉందంట, పడు. కోవూరు సంగతేందమ్మా అని అడిగినా. ఇంకా తెలీదంది. హెల్మెట్ మనిషిని ముందు తన కళ్ళతో చూసి వచ్చి, నాన్నకి ఎంత చెప్పాలో, ఎంత దాచాలో అప్పుడు చూస్తానంది. బుధవారానికి ఇంకా ఒక్క రోజే ఉంది. నాకు భయంగానే ఉంది.

అమ్మ లోపల గడియ పెట్టిన తలుపుని నాన్న కొడుతున్నాడు. చిన్న కూన అప్పుడే అరవడం మొదలుపెట్టింది. అమ్మ దాన్ని కొంగులో పొదువుకుని, నన్ను దగ్గమని సైగ చేస్తా ఉంది. దగ్గుతానే రాస్తున్నా.

"పిల్లకి తల దువ్వుతున్నా, ఉండు" అంటోంది అమ్మ.

అమ్మ నాన్నతో అబద్ధం చెప్పడం నేను ఇంతకుముందు వినలేదు. మళ్ళీ కొడుతున్నాడు. అమ్మ నిజంగానే దువ్వెన తీసుకుని నా వెనక కూర్చుంది. కాగితాలు పరుపు కింద