ఫ్రేము కట్టించి ఇచ్చిన ఫొటో

1998 జూలై, మంగళవారం

వాన వెలిసింది. హాల్లో పెట్టిన బకెట్‌లో మాత్రం చుక్కలు పడుతూనే ఉన్నాయి. భవానీపురంలో ఈ కొత్తింట్లోకి వచ్చి ఏడాది కాలేదు, తొలి వానలకే స్లాబు కారుతోంది.

గవర్నర్‌పేటలో లాయరు గారిని కలిశాను. ఇంజనీరు చేత రిపోర్టు రాయించుకుని వినియోగదారుల ఫోరంలో కేసు వేయొచ్చన్నారు.

"పని బాగుందని కాంట్రాక్టరుకి మీరేమన్నా రాసిచ్చారా?"

"ఒక్క ముక్క కూడా ఇవ్వలేదండీ" అని గట్టిగా చెప్పాను.

ఇంటికొచ్చి సుగుణకి ఈ మాట చెప్తే, నా మొహంలోకి చూసి "మరి ఆ ఫొటో అండీ?" అంది.

గృహప్రతిష్ఠ ప్రార్థన రోజున పాస్టరు గారి ఎదుట ఆ కాంట్రాక్టరుకి కొత్త బట్టలు పెట్టాను. అప్పుడు తీసిన ఫొటోని ఫ్రేము కట్టించి మరీ ఇచ్చాను. "ఏ లోపమూ లేకుండా ఇల్లు కట్టినందుకు కృతజ్ఞతలతో" అని కింద నా చేత్తోనే రాసి, సంతకం పెట్టాను. ఇప్పుడది ఆయన ఆఫీసు గోడ మీద ఉంది.

లాయరు గారికి రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆ ఫొటో చూసే మా తమ్ముడు తన ఇల్లు కూడా ఆయనకే అప్పగించాడు. మా స్లాబు సంగతి సిగ్గుపడి వాడికి చెప్పనేలేదు. నిన్న పునాది తవ్వడం మొదలుపెట్టారట.