వదులైన నడుం

చిన్నోడా,

నువ్వు పంపిన ప్యాంట్లు అందాయి. అన్నం, రొట్టె మానేసి సన్నబడ్డానని, నడుం దగ్గర బిగించమని రాశావు. చదవగానే కత్తెర పక్కన పెట్టేశాను.

మీ అన్న కూడా ఇలాగే మానేశాడు. "అమ్మా, మళ్లీ వదులైపోయాయే!" అని నవ్వుతూ తెచ్చేవాడు. నేనూ మురిసిపోయి మూడుసార్లు బిగించాను. తిండి తగ్గించాడు గానీ షుగరు సూది మాత్రం పాత లెక్కనే వేసుకున్నాడు. అదీ తగ్గించాలని మాకెవరికీ తెలియలేదు. ఆరోజు నా కుట్టుమిషను పక్కనే చెమటలు పట్టి ఒరిగిపోయాడు. షుగరు పడిపోయిందని తెలియక, అలిసిపోయాడనుకుని దుప్పటి కప్పానురా. మళ్లీ లేవలేదు.

నీదీ అదే జబ్బు, అదే సూది. సన్నబడొద్దని అనను. ముందు డాక్టరుగారిని అడిగి, సూది ఎంత వేసుకోమన్నారో నాకు రాయి. అందాకా ప్యాంట్లు కుట్టను.

ఒక్కటి మాత్రం వదులుగానే తిప్పి పంపుతున్నాను. జేబులో పంచదార పొట్లం ఉంది, తీసెయ్యకు. కళ్లు తిరిగితే ముందు అది నోట్లో వేసుకో.

అమ్మ