పుంగనూరులో జారిన ఆమెన్

శుక్రవారం, పడుకోబోయే ముందు

ఎముకలు గుల్లబారాయని డాక్టరమ్మ స్కానింగ్ చూసి చెప్పింది. మందులతో పాటు యోగా కూడా చేయమంది. మదనపల్లెలో అందరూ నన్ను ఎరుగుదురు. అందుకే అరవై రెండేళ్ల వయసులో బస్సెక్కి పుంగనూరులో యోగా క్లాసు దాకా పోయాను, చేతిసంచిలో బైబిలు గ్రంథంతో సహా.

ఒంటికాలి మీద నిలబడలేక గోడ పట్టుకున్నాను. దానికి సిగ్గుపడలేదు. చివర్లో టీచరమ్మ "మెల్లగా కండ్లు తెరవండి" అనగానే నా నోరు అలవాటుగా "ఆమెన్" అనేసింది. పక్క చాప మీది ఆమె కిసుక్కున నవ్వింది.

"మీరూ చర్చి సంఘమేనామ్మా? మదనపల్లెలో మా వదిన సాలమ్మ కూడా యోగాకు పోతా ఉండె. ఆడ ప్రసంగాలు చేసే యమ్మెవరో, యోగా చేస్తే నరకమే అని మైకులో అరిచిందంట. బయపడి మానేసింది. మొన్న బాత్రూంలో జారి, తుంటి ఇరిగి మంచంలో ఉండాది. ఆ యమ్మ మీకు తెలుసునా?"

"ఆ యమ్మెవరో నేనెరగనమ్మా" అన్నాను.

ఆ మైకు పట్టుకున్నది నేనే. సాలమ్మను పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ నిలబెట్టాను. ఏ వాక్యాన్ని పట్టుకుని అంతగా అరిచాను? ఇంటికొచ్చి గ్రంథంలో గంటసేపు వెతికాను. దొరకలేదు.

రేపు సాలమ్మ ఇంట్లో ప్రార్థన. ఎముక అతకాలని నన్నే ప్రార్థించమని కబురు పెట్టింది. "సాలమ్మా, యోగాకు నేను కూడా పోతాండాను" అని ముందు చెప్పాలి. అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను. మూడోసారి "సాలమ్మా" దగ్గరే ఆపి, అద్దాన్ని గోడవైపు తిప్పేశాను...